గోడ మీది ఖాళీ గంట

నా చేతిరాత చూసి నాకు ఉద్యోగం ఇచ్చారు. గుండ్రంగా, వరస తప్పకుండా, అచ్చు పోసినట్టు రాసేవాణ్ణి. సూర్యాపేటలో పనిచేసిన మొదటి ఏడాది ఆ చేత్తో ఒక మనిషి కోసం కరారు రాశాను, ఒక టైంటేబులు రాశాను. ఆ రెండింటిలో ఆయనకు ఇచ్చినదాన్ని అదే చేత్తో ఒక చిన్న చీటీ మీద తీసేసుకున్నాను. చీటీ మీది అక్షరాలు కూడా అందంగానే ఉన్నాయి.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు అది. మాది కోదాడ. సరిహద్దు మాకు దగ్గర. అవతలి జిల్లాలో చుట్టాలింట ఉండి నేను తెలుగులో చదువుకున్నాను. నైజాం బడుల్లో పై తరగతులు ఉర్దూలో నడిచే కాలంలో అదొక పనికిమాలిన చదువు. "ఆ చదువుతో ఎద్దులకు పద్యాలు చెప్పు" అనేవాడు మా నాన్న. యాక్షన్ తర్వాత బడులు తెలుగులోకి మారాయి. నా పనికిమాలిన చదువు ఉన్నట్టుండి అందరికీ కావలసి వచ్చింది.

సూర్యాపేటలో ఊరి పెద్దలు కమిటీగా ఏర్పడి ఒక బడి నడిపేవారు. కమిటీ అధ్యక్షుడు నాకు వరసకు పెదనాన్న. పొలాలున్న మనిషి, ఊరివాళ్ళకు పెద్దపటేలు, కొత్తగా రాజకీయాల్లో తిరుగుతున్న మనిషి. ఆయన కబురు పెడితే వెళ్ళాను. ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాయించి చూసి, "ముత్యాల లెక్కనే ఉన్నయి బిడ్డా. నువ్వే సూసుకో బడి" అన్నాడు. హెడ్మాస్టరు ఉద్యోగం ఖాళీగా ఉంది. ఇరవై నాలుగేళ్ళకు ఇన్‌ఛార్జినయ్యాను.

బెజవాడ రోడ్డుకు కొంచెం లోపలగా పెంకుల కప్పుతో నాలుగు గదుల బడి అది. వెనకాల గట్టు కూలిన బావి. చిన్న తరగతులు ఒంటిపూటే నడిచేవి. వాటి పంతుళ్ళిద్దరూ మధ్యాహ్నానికి ముందే ఇళ్ళకు పోయేవారు. పై తరగతులు రెండుపూటలా ఉండేవి. వాటికి ఇద్దరమే. నేను, లెక్కల మాస్టారు.

ఆయన నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. గొర్ల కాపరుల ఇంటివాడు. రెండు కోసుల దూరంలోని పల్లె నుంచి నడిచి వచ్చేవాడు. ఎండాకాలంలో కూడా భుజం మీద గొంగడి ఉండేది. ఆ ఇంట్లో అక్షరం నేర్చిన మొదటి మనిషి. ఆ అక్షరం ఉర్దూ అక్షరం. పదిహేనేళ్ళుగా ఉర్దూలో లెక్కలు చెప్పి, ఈ చుట్టుపక్కల ఆయన దగ్గర చదివిన పిల్లవాడికి లెక్కల్లో తిరుగులేదని పేరు తెచ్చుకున్నాడు. ఇప్పుడు అవే లెక్కలు తెలుగులో చెప్పాలి. ఇంట్లో మాట్లాడేది తెలుగే, నిజమే. కాని లెక్క మాత్రం ఆయనకు తెలుగులో తెలియదు.

"గొర్లను తెలుగులనే లెక్కవెడ్త తమ్మీ" అన్నాడు నాతో మొదటి వారంలోనే. "గవే గొర్లను బోర్డు మీద లెక్కవెట్టమంటె ఉర్దూల బయటికొస్తయి. ఏం జెయ్యాలె?"

చెయ్యవలసింది తొందరగానే చెయ్యాలి. ఉర్దూలో శిక్షణ పొందిన పంతుళ్ళందరూ ఏడాది లోపల ఇన్‌స్పెక్టరు ముందు తెలుగులో ఒక పాఠం చెప్పి చూపించాలని ఉత్తర్వు వచ్చింది. చెప్పలేకపోతే ఉద్యోగం పోతుంది. ఆయనకు ఈ ఉద్యోగం తప్ప వేరేది లేదు. గొర్రెలు తమ్ముళ్ళకు పోయాయి. చదువుకున్నాడని ఈయన వాటా అడగలేదు.

ఆ రోజుల్లోనే కమిటీ పంతుళ్ళ ఉద్యోగాలకు కొత్త కరార్లు రాయమంది. పాతవి ఉర్దూలో ఉన్నాయి. అవతలి జిల్లాలో నేను చదివిన బడి పంతులు ఒకాయన తన కరారు నకలు నాకిచ్చి ఉన్నాడు. దాన్ని ముందు పెట్టుకుని రాశాను. "మధ్యాహ్నపు గంట ఉపాధ్యాయుని స్వంతము. దినమునకు ఒక పీరియడు పాఠము సిద్ధపరచుకొనుటకు ఖాళీగా నుంచవలెను. మధ్యాహ్నము విద్యార్థులను కనిపెట్టి యుండుట ఇన్‌ఛార్జి బాధ్యత." పెదనాన్న చదవకుండానే సంతకం పెట్టాడు. "నువ్వు రాసినవంటె మంచిగనే ఉంటది."

మాస్టారుకు చదివి వినిపించాను. తెలుగు అక్షరాలు ఆయనకు వచ్చుగాని కూడబలుక్కుంటూ చదివేవాడు.

"జర గది మళ్ళ సదువు తమ్మీ."

మళ్ళీ చదివాను.

"అంటే గా గంట నాదేనా? ఎవలన్న పిలిస్తె పోకుంటే తప్పు లేదా?"

"లేదు మాస్టారూ. కరారులోనే ఉంది కదా."

"పిలిచేటోడు పెద్దోడైతె?"

"ఎవరైనా సరేనండి."

ఆయన నవ్వాడు. పళ్ళ సందున చిన్న ఖాళీ ఉండేది, నవ్వితే చిన్నపిల్లవాడిలా కనిపించేవాడు. "పుట్టినకాంచి గొర్లు పిలిస్తె పోయిన, పటేలు పిలిస్తె పోయిన, పోరగాండ్లు పిలిస్తె పోయిన. ఒక గంట నీదిరా అని కాయితం మీద ఎవడు రాయలె." కలం తీసుకుని కుడి నుంచి ఎడమకు ఉర్దూలో సంతకం చేశాడు.

తర్వాత నేను టైంటేబులు రాసి గోడకు తగిలించాను. ఎర్రసిరా గీతలు, నల్లసిరా అక్షరాలు. ఆయన వరసలో మధ్యాహ్నానికి ముందున్న పీరియడు గడిలో "ఖాళీ" అని రాశాను. ఆ గడిని ఆయన దగ్గరికి వెళ్ళి చూసి వచ్చాడు.

ఆ రెండు గంటలు ఆయనకు ఎందుకు అంత ముఖ్యమో ఇక్కడ చెప్పాలి. ఇంటి దగ్గర తయారుకావడం కుదరదు. పొద్దు పోయేదాకా నడక. ఇల్లు చేరాక, ఆ పల్లెల్లో అప్పుడు దీపం పెట్టుకుని కూర్చుంటే చాలు, ఎందుకు మేలుకున్నావని మిలిటరీవాళ్ళు అడిగేవారు, అడవిలో ఉన్న దళాలవాళ్ళు వచ్చి అన్నం అడిగేవారు. చీకటి పడితే ఎవరైనా దీపం ఆర్పి పడుకోవలసిందే. కాబట్టి ఆయనకు వెలుతురున్న ఖాళీ సమయం అంటే బడిలోని ఆ రెండు గంటలే.

మొదటి నెల ఆ గంటలు ఆయనవిగానే ఉన్నాయి. ఖాళీ పీరియడులో ఒంటరిగా కూర్చుని తెలుగు లెక్కల పుస్తకం చదివేవాడు. మధ్యాహ్నం నేను బావి వైపు ఒక కన్ను వేసి వసారాలో కూర్చునేవాణ్ణి, ఆయన నా పక్కన గొంగడి పరిచేవాడు. గుడ్డ విప్పితే జొన్నరొట్టె, చింతకాయ తొక్కు, ఒక ఉల్లిగడ్డ. నాకు సగం విరిచి ఇచ్చేవాడు. ఒక నోటుబుక్కు కుట్టుకొచ్చాడు. పేజీకి కుడివైపు ఆయన ఉర్దూలో మాట రాసేవాడు. ఎడమవైపు నేను తెలుగులో రాసేవాణ్ణి.

"నసబ్‌నుమా. కిందుంటది సూడు, గది."

"హారం."

"హారమా? మెడల ఏసుకునేది కింద ఎందుకువడ్డది?" అని నవ్వి, రాసిందాన్ని పైకి చదివి, రొట్టెను నాలుగు ముక్కలు చేసేవాడు. "నాలుగు హారం. నేనొకటి తింటి, మూడు లవం. ఇగ నువ్వొకటి తిను, రెండైతది. లవం కడుపులకు పాయె, హారం అట్లనే ఉండె." పక్కన అన్నాలు తింటున్న పిల్లలు కూడా నవ్వేవారు. నేను అవతలి జిల్లాలో పదేళ్ళు తెలుగులో చదివి భిన్నాలు బట్టీ పట్టాను. అవేమిటో నాకు తెలిసింది ఆ రొట్టె దగ్గరే.

తొమ్మిది పేజీలు నిండాయి.

అప్పుడు పెదనాన్న కబురు పెట్టాడు. ఆయనకు పత్రిక చదివి వినిపించేవాడు కావాలి, వచ్చే ఉత్తరాలకు జవాబులు రాసేవాడు కావాలి. ఆయన తీరిక మధ్యాహ్నమే. "భోజనం గీడనే చేద్దువులే" అన్నాడు. వెళ్ళాను. సన్నబియ్యం అన్నం, నెయ్యి, రెండు కూరలు, గడ్డపెరుగు. పెద్దమనుషులు వచ్చి కూర్చునేవారు. నేను పత్రిక చదువుతుంటే వినేవారు. "మా తమ్ముని కొడుకు. తెలుగుల దిట్ట" అనేవాడు పెదనాన్న. నాకు అది బాగుంది. ఇప్పుడు ఎంత వెతికినా ఇంతకంటే పెద్ద కారణం దొరకడం లేదు. ఆయన నన్ను బెదిరించలేదు. రాకపోతే ఉద్యోగం తీస్తానని అనలేదు. నెయ్యి బాగుంది, పొగడ్త బాగుంది. అంతే.

మధ్యాహ్నం పిల్లల్ని చూడవలసింది నేను. నేను లేకపోతే మిగిలింది ఆయన ఒక్కడే. పెదనాన్న ఇంటికి వేళకు చేరాలంటే ముందు పీరియడులో నా తెలుగు తరగతిని ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఆ పీరియడులో ఖాళీగా ఉండేదీ ఆయనే. ఒక చీటీ తీసి రాశాను. తెలుగు తరగతి, ఆయన. మధ్యాహ్నం కాపలా, ఆయన. కింద "తాత్కాలికం" అని రాసి గీత కూడా గీశాను. గోడ మీద టైంటేబులు మార్చలేదు. మార్చి ఉంటే కరారు తప్పినట్టు నా కళ్ళకే కనిపించేది. బడికి ఎవరొచ్చినా గోడే చూస్తారు. బడి నడిచేది చీటీ ప్రకారం.

చీటీ చూసి ఆయన తల ఊపాడు. "ఎన్ని దినాలు తమ్మీ?"

"కొన్నాళ్ళేనండి."

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు నేను బయల్దేరుతుంటే దగ్గరికి వచ్చాడు. గుడ్డమూట చేతిలో ఉంది.

"తమ్మీ, కాయితం మీద గా గంట నాదని రాసినవ్."

"రాశానండి. ఇప్పుడు అవసరం పడింది."

"నాకు గూడ అవసరమే. ఇన్‌స్పెట్రు వస్తడు. బుక్కు తొమ్మిది పేజీలకాడ్నే ఆగింది."

నాకు ఆలస్యమవుతోంది. పెదనాన్న ఇంట్లో ఆకు వేసి ఉంటారు. "పాఠం ఇంట్లో తయారుచేసుకోండి మాస్టారూ. నేను చేసుకోవట్లేదా? పీరియడు ఖాళీ, గంట ఖాళీ అని కూర్చుంటే బడి నడుస్తుందా? కరారు చూపించి అడిగితే పెద్దలు ఏమనుకుంటారో చూసుకోండి" అన్నాను.

ఆయన ఇంట్లో దీపం ఉండదని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

"మంచిది సారు" అన్నాడు.

అప్పటిదాకా నేను ఆయనకు తమ్మీని. ఆ మధ్యాహ్నం నుంచి సారునయ్యాను. ఆ మాటకు నాకు కొంచెం సంతోషం వేసిందని కూడా రాయాలి.

అప్పటినుంచి మధ్యాహ్నాలు ఆయన బావి దగ్గర నిలబడి ఉండేవాడు. ఎనభైమంది పిల్లలు, గట్టు లేని బావి. ఇద్దరం ఉన్నప్పుడు వసారాలోంచి చూస్తే సరిపోయేది, ఒక్కడే కూర్చుంటే అందరూ కనబడరు. నేను భోజనం చేసి తిరిగి వచ్చేసరికి మూట కట్టింది కట్టినట్టే భుజానికి వేలాడుతుండేది. సాయంత్రం దారిలో నడుస్తూ తినేవాడని పిల్లలు చెప్పారు.

ఇన్‌స్పెక్టరు వచ్చే తేదీ తెలిసింది. పది రోజులుంది. ఆయన మళ్ళీ అడిగాడు. ఈసారి కరారు మాట ఎత్తలేదు. "పది దినాలు. పది మద్యాన్నాలియ్యి సారు. నువ్వు సెప్పకున్నా పర్వాలే, నేనే కూసోని సదువుకుంట." సరేనన్నాను. నిజంగానే ఇద్దామనుకున్నాను. రెండు రోజులు ఇచ్చాను కూడా. మూడో రోజు పెదనాన్న కోదాడలో ఒక సభకు రమ్మన్నాడు. విద్య గురించి మాట్లాడాలి, ప్రసంగం నేను రాయాలి, పక్కన ఉండాలి. మా ఊళ్ళో, మా నాన్న చూస్తుండగా.

వెళ్ళాను. వారం రోజులు అక్కడే ఉన్నాను, తిరిగి వచ్చిన మర్నాడే తనిఖీ. బడి మొత్తం ఆయన మీద వదిలేశాను. సభలో పెదనాన్న నేను రాసిన కాగితం చదివాడు. "గురువు ఆకలితో ఉన్నచోట విద్య నిలువదు" అన్న వాక్యం దగ్గర జనం చప్పట్లు కొట్టారు. పెదనాన్న నా వైపు తిరిగి తల ఊపాడు. మా నాన్న ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. ఎద్దులకు పద్యాలు చెప్పమన్న మనిషి ఆ రాత్రి నా కంచంలో తన చేత్తో పెరుగు వేశాడు. చప్పట్లు కొడుతున్నప్పుడు ఒక్క క్షణం బావి దగ్గర నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడు. గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చాడు, పక్కకు నెట్టాను.

ఇన్‌స్పెక్టరు కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన అధికారి. చెడ్డవాడు కాదు. వెనక బల్ల మీద పిల్లల పక్కన కూర్చున్నాడు. మాస్టారు గొంగడి బయట పెట్టి, ఉతికిన చొక్కాతో లోపలికి వచ్చాడు. భిన్నాల భాగహారం. సంచిలోంచి రొట్టె తీశాడు. పిల్లలు సర్దుకుని కూర్చున్నారు.

"సగం రొట్టె ఉన్నది. దాన్ల పావు పావు ముక్కలు ఎన్ని ఎల్తయి?"

"రెండు సార్!"

"బుద్ధిమంతులు. గట్లైతే సగాన్ని పావుతోని భాగించినమన్నట్టు. ఇగ బోర్డు మీద ఎట్ల చెయ్యాలె? రెండోదాన్ని తలకిందులు చేసి గుణించాలె."

పావుగంట ఎవరూ కదలలేదు. ఇన్‌స్పెక్టరు కూడా ముందుకు వంగి విన్నాడు. తర్వాత ఆయన చెయ్యవలసిన పని ఆయన చేశాడు.

"బాగుందండీ. అలా తలకిందులు చేసిన భిన్నాన్ని ఏమంటారో పిల్లలకు చెప్పండి. పుస్తకంలో మాట చెప్పండి."

మాస్టారు నోరు తెరిచాడు. బోర్డు వైపు తిరిగాడు. సుద్దముక్క బోర్డు కుడి అంచుకు వెళ్ళింది. ఉర్దూలో రాశాడు. "మాకూస్" అన్నాడు మెల్లగా. పిల్లలు కిసుక్కున నవ్వారు.

తెలుగు మాట వ్యుత్క్రమం. పుస్తకంలో ఉంది. అది పదో పేజీలో రాయవలసిన మాట. అది నా నోట్లో ఉంది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను.

ఇన్‌స్పెక్టరు ఇంకో నాలుగు మాటలు అడిగాడు. రెండు వచ్చాయి, రెండు రాలేదు. పిల్లల్ని బయటికి పంపి, మాస్టారును అడిగాడు. "ఏమండీ, ఇంత బాగా చెబుతున్నారు, మాటలు నేర్చుకోవడానికేం? మీకు తయారుకావడానికి టైం ఇవ్వలేదా?"

మాస్టారు నా వైపు చూశాడు.

ఇన్‌స్పెక్టరు లేచి గోడ దగ్గరకు వెళ్ళాడు. ఎర్రసిరా గీతల మీద వేలు పెట్టి చదివాడు. "రోజూ ఒక పీరియడు ఖాళీ. మధ్యాహ్నం గంట ఖాళీ. చక్కగా రాశారు. ఈ ప్రకారమే జరుగుతోందా ఇన్‌ఛార్జి గారూ?"

చీటీ నా జేబులో ఉంది. ఆ పొద్దున సొరుగులోంచి తీసి జేబులో పెట్టుకున్నది నేనే.

"జరుగుతోందండి" అన్నాను.

"మీరేమంటారు?" అని మాస్టారును అడిగాడు.

"జరుగుతున్నది సార్" అన్నాడు ఆయన.

రిపోర్టులో వ్యవధి ఇచ్చినా ఉపయోగించుకోలేదు అని రాశారు. నకలు తీసింది నేనే, కమిటీకి పంపడానికి. నెల తిరగకుండా ఆయన్ను తీసేశారు. చివరి రోజు కూడా మధ్యాహ్నం బావి దగ్గర నిలబడ్డాడు. గంట కొట్టి, పిల్లల్ని లోపలికి పంపి, గొంగడి దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఏమీ అనలేదు. అని ఉంటే ఏదో ఒక జవాబు చెప్పి బయటపడేవాణ్ణి.

మర్నాటి నుంచి బావి దగ్గర నేను నిలబడవలసి వచ్చింది. పెదనాన్నకు వేరేవాడు దొరికాడు. రెండో రోజే కాళ్ళు పీకాయి. మూడో రోజు ఆకలి ఎక్కువై, నిలబడే తిందామని ముద్ద నోట్లో పెట్టుకుంటే ఒక పిల్ల బావి వైపు పరుగెత్తింది. కంచం వదిలేసి పోయాను. ఆయన మూట ఎందుకు విప్పేవాడు కాదో అప్పుడు తెలిసింది. నాలుగైదు నెలలు అలా గడిచాయి. ఆయన మిర్యాలగూడలో వడ్లు పట్టే ఒక గిర్నిలో పనికి కుదిరాడని విని, ఒక అర్జీ రాసుకుని బస్సెక్కాను. ఇద్దరం సంతకాలు పెట్టి పంపితే ఇన్‌స్పెక్టరు ఇంకోసారి పాఠం వింటాడని నా ఆశ.

నేరేడుచర్ల మీదుగా బస్సు చేరేసరికి మధ్యాహ్నం కావస్తోంది. గిర్ని చప్పుడు బయటికి వినిపిస్తోంది. ఆయన బస్తాల మీద నల్లరంగుతో నంబర్లు వేస్తున్నాడు. నన్ను చూసి బ్రష్షు డబ్బాలో పెట్టాడు. అంతలో ఇంజను ఆగిపోయింది. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమంటే చెవులు గుయ్యిమన్నాయి.

"మంచిగున్నవా సారు? కూసో" అన్నాడు. మేకుకు తగిలించిన గుడ్డమూట తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "గీడ గంటసేపు ఇంజన్ ఆపుతరు. సల్లారాలె గదా. ఇంజన్‌కు రెస్టు, దాని పుణ్యాన మాకు రెస్టు. కరారు గిరారు ఏం లేదు. గాని గంట మాత్రం గంటనే."

పక్కనున్న హమాలీ ఒకడు నవ్వాడు. "ఇంజన్ అడగకుంటనే ఇస్తరు పంతులూ. మనం అడిగినా ఇయ్యరు."

నేను అర్జీ తీసి ఇచ్చాను. మూట పక్కన పెట్టి రెండు చేతులా అందుకున్నాడు. నేను చదువుతానన్నాను.

"వద్దు. నేనే సదువుత. ఇప్పుడొస్తది కొంచెం."

అక్షరాల కింద వేలు జరుపుతూ చదవడం మొదలుపెట్టాడు. నేను రాసిన తెలుగు సులువుది కాదు. నిండా సంధులు, సమాసాలు. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి, పెదవులు కదుపుతూ మళ్ళీ చదివాడు. హమాలీలు తిని చేతులు కడుక్కున్నారు. కొందరు బస్తాల మీద ఒరిగి కళ్ళు మూసుకున్నారు. ఆయన రెండో పేజీ తిప్పాడు. ఒకచోట వేలు ఆగింది.

"'కొన్ని అనివార్య కారణముల వలన సదరు ఉపాధ్యాయునకు తగిన వ్యవధి లభింపనందున.' గీ కొన్ని కారణాలంటే ఎవలు సారు?"

నేను ఆయన వేలి కింది మాటల వైపు చూశాను.

"పెద్దపటేలా? ఇన్‌స్పెట్రా?"

"నేనండి."

"మరి నీ పేరేది?"

చివర్లో సంతకం ఉంటుందన్నాను. అది ఇన్‌ఛార్జి సంతకం అన్నాడు ఆయన. నిజమే. తప్పు ఒప్పుకోవడానికి వెళ్ళి కూడా నేను ఎక్కడా నా పేరు రాయలేదు. అబద్ధం చెప్పానని రాయలేదు. చీటీ సంగతి రాయలేదు.

"ఆ రోజు మీరెందుకు జరుగుతున్నదని అన్నారు?" అని అడిగాను. ఆ ప్రశ్న అడిగే హక్కు నాకు లేదు. అయినా అడిగాను. నన్ను కాపాడటానికి అన్నానని ఆయన చెబుతాడని లోపల ఎక్కడో ఆశ ఉండి ఉంటుంది.

"నువ్వు జరుగుతున్నదంటివి. గోడ జరుగుతున్నదనవట్టె. ముత్యాలసొంటి రాత. నేనొక్కణ్ణి లేదంటె ఎవడు నమ్ముతడు? ఉద్యోగమెట్లయిన పోవట్టె. అబద్ధాలకోరు అనే పేరెందుకని అన్న."

అర్జీ మడత పెట్టి నా చేతికిచ్చాడు. "నేను సంతకం పెట్టను సారు. దీన్ల నిజం లేదు."

నేను ఇంకా ఏదో చెప్పబోయాను. అప్పుడు ఇంజను దగ్గర ఎవరో కేకేశారు. చక్రం ఒకసారి తిరిగి ఆగి, మళ్ళీ తిరిగింది. గిర్ని అంతా అదిరింది. హమాలీలు లేచారు. ఆయన కూడా లేచి, పక్కన పెట్టిన మూట తీసి మేకుకు తగిలించాడు.

ముడి విప్పలేదు. గంటంతా నా అర్జీ చదవడానికే సరిపోయింది.

ఆ చప్పుడులో ఆయన ఏదో అన్నాడు. వినిపించలేదు. వెళ్ళమని చేత్తో సైగ చేసి బ్రష్షు తీసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో నేరేడుచర్ల దగ్గర బస్సు చాలాసేపు ఆగింది. హోటలు బల్ల మీద కూర్చుని ఇంకో అర్జీ రాశాను. ఈసారి కారణాలు రాయలేదు. నా పేరు రాశాను. ఏ గంట ఎవరిది, ఎవరు తీసుకున్నారు, ఎవరింట్లో అన్నం తిన్నారు, ఇన్‌స్పెక్టరు అడిగితే ఏమన్నారు. ఇన్‌స్పెక్టరు వచ్చిన నాటి నుంచి నా దగ్గరే ఉంచుకున్న చీటీని దానికి గుచ్చాను. బల్ల ఊగుతుంటే అక్షరాలు వంకర పోయాయి. తిరగరాయలేదు.

పెదనాన్న నాతో మాట్లాడటం మానేశాడు. ఇన్‌ఛార్జి ఉద్యోగం పోయి మామూలు పంతులునయ్యాను. మా నాన్న సంగతి విని, "రాయకుండా ఉంటే ఏం పోయేది?" అన్నాడు. అర్జీకి జవాబు రావడానికి చాలా కాలం పట్టింది. ఇంకోసారి పాఠం వింటామని తేదీ పంపారు. ఆయనకూ నోటీసు వెళ్ళింది. ఆ రోజు ఇన్‌స్పెక్టరు వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. పిల్లలు పలకలు పట్టుకుని కూర్చున్నారు. నేను సాయంత్రం దాకా రోడ్డు వైపు చూశాను. గొంగడి వేసుకున్న మనిషి ఎవరూ రాలేదు.

ఎందుకు రాలేదో నాకు తెలియదు. అడుగుదామని రెండుసార్లు బస్సు దగ్గరి దాకా వెళ్ళాను. కాని మాట్లాడటానికి ఆయన దొరికేది ఇంజను ఆగిన గంటలోనే. వెనక్కి వచ్చేశాను.